యాదమ్మ కూరలో ఉప్పు

యాదమ్మ కూర ఉప్పు కషాయమైంది నా వల్లేనని ఆ రోజు నేను చెప్పలేదు.

తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ వల్ల మా విజయవాడ బస్సు ఎల్బీనగర్‌లో ఆగిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లోని మా అన్నయ్య ఇంటికి నడుద్దామంటే దారిలో రాళ్లు పడుతున్నాయన్నారు. నకిరేకల్‌లో ఎక్కి నా పక్కన కూర్చున్న అవ్వ, "ఆకలితోని యాడికి పోతవ్ బిడ్డా? మా ఇల్లు గీడనే" అని వెంటబెట్టుకుపోయింది.

ఆమె కోడలు యాదమ్మ. పంది మాంసం ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, దండెం మీద ఎండబెట్టి దాచుకుంది. "బంద్ పెడితే ఏం దొరకది గద సారూ" అంది. ముక్కలు నానబెట్టి, నీళ్లు వంపి, నూనె లేకుండా వాటి కొవ్వులోనే వేయించి కారం చల్లింది. ఉప్పు వెయ్యలేదు. మర్చిపోయిందనుకుని, ఆమె నీళ్లకు వెళ్లగానే గుప్పెడు వేసి కలిపాను. ఆంధ్రావాళ్లు అడక్కుండానే అన్నిట్లో వేలు పెడతారని అప్పట్లో ఒక ఫిర్యాదు ఉండేది.

అవ్వ మొదటి ముద్దే ఉమ్మేసింది. "ఉప్పు దిగేదాక నానబెట్టాలె అని ఎన్నిసార్లు చెప్పిన? పట్నమొచ్చి పనే మరిశినవ్. ఇంక పొయ్యికాడికి రాకు."

యాదమ్మ గరిటె అత్త చేతిలో పెట్టి బయటికి వెళ్లింది. నేను మజ్జిగ అడిగి తాగాను.

రాష్ట్రం వచ్చాక అదే ఇంటికి వెళ్లాను. వంట ఇంకా అవ్వే చేస్తోంది. యాదమ్మను కూడా పిలిచి ఇద్దరి ముందూ చెప్పాను.

"అవ్వా, ఆ రోజు నీ కోడలు సరిగ్గానే నానబెట్టింది. మళ్లీ ఉప్పు వేసింది నేను. యాదమ్మా, తప్పు నాదే. నన్ను క్షమించమ్మా."