చింతపండుతో తోమిన రివాల్వర్

ఇరవై రెండేళ్ల వయసులో కుళ్లుకోవడానికి నాకు పెద్ద కారణాలేమీ అక్కర్లేకపోయేవి. పక్కవాడి చొక్కా ఇస్త్రీ నలక్కుండా ఉంటే చాలు, ఆ పూట నాకు అన్నం సహించేది కాదు. అలాంటి నన్ను తీసుకెళ్లి సాలూరులో ఒక లారీ ఆఫీసులో గుమాస్తాగా పడేశారు. ఆ ఉద్యోగం వేయించింది మా మేనత్త కొడుకు, అప్పటికి ఆరేళ్లుగా అక్కడే పనిచేస్తున్న బావ. నోటికింత కూడు చూపించిన ఆ మనిషి మీదే నేను కుళ్లు పెంచుకున్నాను, అదీ రివాల్వర్ల మూలంగా.

మా షావుకారుకి ముప్పై లారీలు, మూడు రివాల్వర్లు (అప్పట్లో లైసెన్సు మీద మూడు ఉంచుకోనిచ్చేవారు). లారీల సంగతి అడిగితే గుమాస్తాల్ని అడగమనేవాడు, రివాల్వర్ల సంగతి అడిగితే మాత్రం కుర్చీ వేయించి కూర్చోబెట్టేవాడు. చేతిలో ఉందో లేదో తెలియనంత తేలిగ్గా ఉండాలి, గుండు మాత్రం లావుది పట్టాలి, అదీ ఆయన సరదా. "బరువుండకూడదు, నోరు పెద్దదుండాల" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. "పొద్దున్నే నా గురించి ఎవరితో చెప్తున్నారు?" అని లోపల్నుంచి వాళ్లావిడ అడిగేది (ఆవిడ నిజంగానే సన్నగా ఉండేది). కంపెనీవాళ్లు వేసిన పిడులు ఆయన కంటికి ఆనేవి కావు. లారీ బాడీలు కట్టే వడ్రంగి చేత ఇరుగుడు కర్రతో కొత్త పిడులు చేయించి, బరువు తగ్గడానికి లోపల తొలిపించి, కంసాలి తక్కెడలో తూయించేవాడు. లారీల పెయింటరు ఒక పిడి మీద తామరపువ్వు వేసి, కింద ఏమైనా రాయమంటారా అని అడిగాడు. వద్దని చెప్పడానికి షావుకారు చాలాసేపు ఆలోచించాడు.

ఆదివారం పూట ఆ మూడింటినీ తుడిచే పని బావది. షావుకారు గుళ్లు తీసి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసి ఎదురుగా కూర్చుంటే, బావ నూనెగుడ్డతో పసిపిల్లల ఒళ్లు తుడిచినట్టు తుడిచేవాడు. ఆ గంటసేపూ బావకి షావుకారు పక్కన కుర్చీ, అమ్మగారి చేతి కాఫీ. నేను అవతల గోదాంలో బస్తాలు లెక్కపెడుతూ కిటికీలోంచి చూసేవాణ్ణి. లెక్క తప్పేది, మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి, మళ్లీ తప్పేది. కడుపు భగభగ మండిపోయేది. నాకు జీతం పెరగక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు, ఆ పని బావ చేతిలోంచి ఊడి నా చేతికొస్తే చాలనుకునేవాణ్ణి.

ఆయుధ పూజకి ముందురోజు బావ మొక్కు తీర్చుకోడానికి అరసవల్లి వెళ్లాడు. లారీలకి దండలు పురమాయించే హడావుడిలో షావుకారు మూడు రివాల్వర్లూ వరండాలో నా ముందు పెట్టి, శుభ్రం చేసి ఉంచమని చెప్పి వెళ్లిపోయాడు. నూనెగుడ్డతో ఎవడైనా తుడుస్తాడు, అందులో నా గొప్పేముంది? పండక్కి పూజ సామాన్లు మా అమ్మ ఎలా తళతళలాడిస్తుందో చూస్తూ పెరిగినవాణ్ణి. అమ్మగారిని అడిగి నిమ్మకాయంత చింతపండు తెచ్చుకున్నాను (ఇత్తడి కుందులకనుకుని ఇచ్చేసింది పాపం). దాంట్లో ఇంత ఉప్పు కలిపి, కొబ్బరిపీచు తీసుకుని, అన్నిటికంటే తేలికైన దాన్ని పట్టుకున్నాను. కాసేపటికి నలుపు వదలడం మొదలైంది. నా ఆనందం ఏమని చెప్పను! ఆరేళ్ల మసి, బావ బద్ధకమంతా సాక్ష్యంతో సహా నాకు దొరికిపోయిందనుకున్నాను. అది తెల్లబడేకొద్దీ ఇంకా కసిగా తోమాను. మిగిలిన రెండింటికీ చింతపండు చాల్లేదు, అది ఆ రెండింటి అదృష్టం.

తెల్లారి పీట మీద ఎర్రగుడ్డ పరిచి మూడింటినీ పెడితే, రెండు నల్లగా నిగనిగలాడుతున్నాయి. మూడోది పెచ్చులూడిన గోడలా ఉంది, పైగా అక్కడక్కడా ఎర్రగా తుప్పు. పంతులుగారు కుంకుమ గిన్నె పట్టుకుని అలాగే ఆగిపోయారు. ఆ నలుపు మసి కాదనీ, తుప్పు పట్టకుండా కంపెనీవాళ్లు వేసిన పూత అనీ ఒక డ్రైవరు పక్కవాడితో అంటుంటే అప్పుడు తెలిసింది నాకు.

"ఏట్రా ఇది? ఇలగ తోమీమని ఎవుడు సెప్పినాడు?" అన్నాడు షావుకారు. గొంతు పెద్దది చెయ్యలేదు, దానికే ఎక్కువ భయమేసింది.

అప్పుడే బస్సు దిగి ప్రసాదం పొట్లంతో బావ గుమ్మంలోకొచ్చాడు. రివాల్వర్‌ని చూశాడు, నా మొహం చూశాడు.

"నానే తోమమన్నాను బాబూ. పూజకి సామాన్లు తోమినట్టు తోమీమని సెప్పి ఎల్లినాను" అన్నాడు.

షావుకారు అతన్ని తలవాచేలా తిట్టి, ఇక వాటి మీద చెయ్యి వెయ్యొద్దన్నాడు. నా వైపు తిరిగి, ఆదివారం నువ్వు రా అన్నాడు. నేను తలూపాను.

తరవాత గోదాంలో, అలా ఎందుకు చెప్పావని బావని అడిగాను. "నాకైతే తిట్లతో పోనాది. నిన్నయితే మద్దేనం బస్సెక్కించీసుందురు. మావకి నానేటి సెప్పాల?" అన్నాడు బస్తాలు సర్దుకుంటూ. మావంటే మా నాన్న.

నాలుగేళ్లపాటు ఆదివారాలు ఆ కుర్చీలో కూర్చున్నాను. కాఫీ వచ్చేది. ఏనాడూ నాకది రుచిగా అనిపించలేదు.

మొన్న కోటబొమ్మాళిలో చుట్టాల పెళ్లికి వెళ్తే, భోజనాల దగ్గర బావ పదిమందిని పోగేసుకుని ఈ సంగతే చెప్తున్నాడు, తప్పంతా తనదే అన్నట్టు. చింతపండు దగ్గరికొచ్చేసరికి జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. అది నేను చేసిన పని అని ఇప్పటికైనా చెప్పేద్దామని లేచాను. నిజం చెప్పాలని లేచాననే మీరనుకోవాలని నా ఆశ. కానీ నాకు కడుపు మండి లేచాను. తోమింది నేను, నవ్వులు ఆయనకా? ఈలోగా ఎవరో ఆయన విస్తట్లో ఇంకో లడ్డు వేశారు, మాట లడ్డు మీదికి మళ్లింది. నేను కూర్చుండిపోయాను. ఇంటికొచ్చి ఇది రాశాను.