భూతద్దం అక్క పట్టుకున్న గీత

బట్టల మిల్లులో ఆమెను అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆమె భూతద్దం అక్క. మగ్గాల మీంచి దిగిన బట్ట వాలుబల్ల మీదుగా జారిపోతుంటే, కింద ట్యూబులైట్ల వెలుతురులో దాన్ని చూస్తూ నిలబడడం ఆమె ఉద్యోగం. తెగిన పోగు, నూనె మరక, చీమ తలకాయంత ముడి, ఏది కంటపడినా కాలితో మీట నొక్కి బట్టను ఆపి, అక్కడ ఎర్ర చీటీ అంటించేది. అలా ఇరవై ఏడేళ్ళు నిలబడింది. నేతపనివాళ్ళు సగం మెచ్చుకోలుగా, సగం విసుగ్గా ఆమె చూపు గురించి చెప్పుకునేవారు.

తరువాత బట్టలో లోపాలు పట్టే కెమెరాల యంత్రం వచ్చింది. దానికి టీ అక్కర్లేదు, మోకాళ్ళ నొప్పులు లేవు. అక్కను మొదట ప్యాకింగుకు మార్చారు. ఆరు నెలలు తిరిగేసరికి చేతిలో ఒక గోడ గడియారం పెట్టి ఇంటికి పంపేశారు. అప్పటికామెకు యాభై నాలుగేళ్ళు. బస్సు డ్రైవరైన భర్త డ్యూటీకి వెళ్ళగానే ఇల్లంతా బోసిపోయేది. ఏం తోచక కిటికీ తెరల్లో తెగిన పోగులు వెతుకుతూ కూర్చునేది.

"వాటినొదిలెయ్యవే, ఏం పాపం చేశాయని?" అనేవాడు భర్త.

పింఛను దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలన్నారని ఒకరోజు వీధి చివరి లైబ్రరీకి వెళ్ళింది. అక్కడి లైబ్రేరియన్ ముప్పై ఏళ్ళ అమ్మాయి. దరఖాస్తు నింపిపెట్టి, ప్రింటు తీయడానికని తన కంప్యూటరు తెరిచింది. స్క్రీన్ నిండా నల్లటి ఆకాశం, చుక్కలు చుక్కలుగా వెలుగులు.

"అమ్మా, మీ స్క్రీన్ మీద గీత పడింది. తుడిచి చూడండి," అంది అక్క.

ఆ అమ్మాయి తుడిచింది. గీత పోలేదు. ఫొటోను పక్కకు జరిపితే గీత కూడా జరిగింది.

"అక్కా, ఇది ఫొటోలోనే ఉంది! పొద్దుట్నుంచి చూస్తున్నా, నాకు కనబడనే లేదు. మీకెలా కనబడింది?"

"నా పని అదేగా అమ్మా."

అప్పుడు లైబ్రేరియన్ సంగతంతా చెప్పింది. అది భూమి చుట్టూ తిరిగే ఒక టెలిస్కోపు తీసిన ఫొటో. అలాంటివి వేలకు వేలు ఒక వెబ్‌సైట్‌లో పెట్టారు. ఎవరైనా చూడొచ్చు, కనబడిన గీతల్ని గుర్తుపెట్టి పంపొచ్చు. వాటిలో కొన్ని ఆకాశంలో తిరిగే రాళ్ళవి, అంటే గ్రహశకలాలవి. తను ఆన్‌లైన్‌లో ఖగోళశాస్త్రం పాఠాలు వింటూ ఈ పనిలోకి దిగానని చెప్పింది.

"దానికీ ఒక యంత్రం పెట్టుకోవచ్చుగా?" అంది అక్క. గొంతులో కాస్త కారం ఉంది.

"పెట్టారక్కా. మరీ మసకగా ఉన్నవి దానికి దొరకట్లేదట. అందుకే మనుషుల సాయం అడుగుతున్నారు."

ఆ మాట చెవిన పడగానే అక్క కుర్చీ దగ్గరికి లాక్కుంది.

మరునాటి నుంచి రోజూ పదింటికల్లా లైబ్రరీలో ఉండేది. ఆ వెబ్‌సైట్ భాష ఆమెకు రాదు. ఏ బొత్తాం నొక్కితే ఏమవుతుందో లైబ్రేరియన్ ఒక అట్ట ముక్క మీద తెలుగులో రాసిచ్చింది. రిటైరైన సైన్సు మాస్టారు ఒకాయన పెట్టిన వీడియోలు కూడా వెతికి చూపించింది. మిల్లు బాయిలర్ దగ్గర వేడిగాలికి అవతలి గోడ వణికినట్టు కనబడడం అక్కకు బాగా తెలుసు. భూమి మీది గాలి నక్షత్రాలనూ అలాగే వణికిస్తుందనీ, ఆ గాలిని తప్పించుకోవడానికే టెలిస్కోపును పైకి పంపారనీ మాస్టారు చెబుతుంటే, "ఓహో, ఇంతేనా!" అని పైకే అనేసింది. పక్కన పేపరు చదువుకుంటున్న పెద్దమనిషి ఉలిక్కిపడ్డాడు.

దగ్గరి గ్రహశకలం గీత ఎందుకు వంగుతుందో కూడా అలాగే అర్థమైంది. టెలిస్కోపు తానే భూమి చుట్టూ తిరుగుతూ చూస్తుంది కాబట్టి దగ్గరివి వంపుగా జరిగినట్టు, దూరపువి కదలనట్టు ఉంటాయి. ఇంటికెళ్ళి ఎంతో గొప్పగా భర్తకు చెబితే, ఆయన నవ్వాడు.

"ఇది నాకు చెప్తున్నావా? దగ్గరి స్తంభాలు వెనక్కి పరిగెడతాయి, దూరపు కొండ కదలదు. ముప్పై ఏళ్ళుగా బస్సద్దంలోంచి అదేగా చూస్తున్నా!"

మొదటి మూడు వారాలూ ఉత్సాహం ఉరకలేసింది. ఆ ఊపులో కనబడిన ప్రతిదాన్నీ లోపమనుకుని గుర్తు పెట్టింది. పెద్ద నక్షత్రాల చుట్టూ ముళ్ళలా పొడుచుకొచ్చిన వెలుగుల్ని కూడా వదల్లేదు. వాటిలో చాలావరకు తప్పులని జవాబు వచ్చింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఇక లైబ్రరీ మొహం చూడలేదు.

వారం రోజులు చూసి లైబ్రేరియనే ఇంటికి వచ్చింది. చేతిలో ఒక కాగితం. వెబ్‌సైట్‌లో కొత్తవాళ్ళకు సాయం చేసే ఒక స్వచ్ఛంద కార్యకర్త, ఏ దేశమో ఎవరో తెలియని మనిషి, అక్క తప్పుల్ని ఒక్కొక్కటే తీసుకుని ఓపిగ్గా రాశాడు. ఆ ముళ్ళు టెలిస్కోపు లోపలి కమ్మీల వల్ల వస్తాయనీ, వాటిని చూసీ చూడనట్టు వదిలెయ్యాలనీ వివరించాడు. చివర్లో ఇంకో ముక్క కూడా ఉంది. లైబ్రేరియన్ దాన్ని తెలుగులో చదివి వినిపించింది.

"'మీరు పంపినవాటిలో ఆరు గీతలు ఇంకెవరూ చూడనివి. దయచేసి మానెయ్యకండి' అని రాశాడక్కా."

అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మిల్లు వదిలాక మానెయ్యవద్దన్న మనిషి అతనొక్కడే.

చలికాలం మధ్యలో ఒక ఫొటో వచ్చింది. అంతకుముందే ఎనిమిదిమంది చూసి అందులో ఏమీ లేదని తేల్చారు. అక్కకు మాత్రం మూల దగ్గర ఏదో అనిపించింది, సూటిగా చూస్తే మాయమవుతోంది. మిల్లులో తనకు పని నేర్పిన మేస్త్రమ్మ గుర్తుకొచ్చింది. "మసక లోపాన్ని గుచ్చి గుచ్చి చూడకే. చూపు కాస్త పక్కకి పెట్టు, అదే నీ దగ్గరికొస్తుంది" అనేదావిడ. అక్క చూపు పక్కకు పెట్టింది. మూడు ముక్కలుగా తెగిన సన్నటి వంపు, అడ్డంగా నేసే పేకలో పోగు జారినట్టు, మెల్లగా తేలింది. గుర్తు పెట్టి పంపింది.

ఐదు నెలల తరువాత ఆ వెబ్‌సైట్ నడిపే శాస్త్రవేత్తల నుంచి జవాబు వచ్చింది. అది గ్రహశకలమే. తమ జాబితాలో ఉన్న వేటితోనూ సరిపోలడం లేదట. ఒక్క ఫొటోతో దాని దారి పూర్తిగా లెక్కకట్టలేరు కాబట్టి దానికి పేరు పెట్టడం కుదరదు. కానీ తాము అచ్చువేసే నివేదికలో, కృతజ్ఞతల చోట అక్క పేరు వేస్తామన్నారు, ఎలా రాయాలో చెప్పమన్నారు.

"భూతద్దం అక్క అని రాయించు" అన్నాడు భర్త. అంటూనే స్వీట్లు తేవడానికి చెప్పులేసుకున్నాడు.

అక్క రెండు రోజులు ఆలోచించింది. తన పేరుతో పాటు ఇంకో ఇద్దరి పేర్లు వెయ్యగలరా అని లైబ్రేరియన్ చేత రాయించింది. మొదటిది లైబ్రేరియన్ పేరు. ఆ అమ్మాయి వద్దు వద్దంటూనే టైపు చేసింది. రెండోది చూడడం నేర్పిన మేస్త్రమ్మ పేరు. శాస్త్రవేత్తలు సంతోషంగా ఒప్పుకున్నారు.

నివేదిక రాగానే ఆ పేజీ ప్రింటు తీయించుకుని అక్క మేస్త్రమ్మ ఇంటికి వెళ్ళింది. ఆవిడకు ఎనభై దాటాయి. రెండు కళ్ళలోనూ చూపు బాగా తగ్గింది. గీత సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పించుకుంది.

"ఆ రాయి ఎవరి నెత్తినా పడదు కదే?"

"పడదంటమ్మా. చాలా దూరంగా పోతోందట."

"పోనీలే, సుఖంగా పోనీ. నా పేరెక్కడుందో చూపించు."

అక్క ఆవిడ చూపుడువేలు పట్టుకుని ఆ వరుస మీద మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నెమ్మదిగా నడిపించింది. మేస్త్రమ్మ వేలు తీయలేదు.

"ఇంకోసారి," అంది.