సగం పుట్టినరోజు

మా ప్రెస్సులో బైండరు ఎప్పుడు పుట్టాడో బైండరుకే తెలియదు. తల్లి చెప్పకముందే పోయింది. తండ్రికి చెప్పేంత తీరిక ఎప్పుడూ లేదు. బడిలో చేర్పించిన మేనత్త నోటికొచ్చిన తేదీ ఒకటి వేయించిందట. "అది మా అత్త పుట్టించిన రోజు, నేను పుట్టింది కాదు" అని అతను ఆ తేదీని లెక్కచేసేవాడు కాదు. అబద్ధపు తేదీన తిన్న తీపి కూడా అబద్ధమే అనే రకం మనిషి. ఇలాంటి చాదస్తాలు అతనికి చాలా ఉన్నాయి.

నేను అక్కడే ప్రూఫ్ రీడర్ని. ముప్పై ఏళ్ళుగా ఇంకొకళ్ళ తప్పులు దిద్దడమే ఉద్యోగం కాబట్టి మనుషుల్లో కూడా నాకు ముందు తప్పులే కనిపిస్తాయి. బైండరులో మాత్రం వెతుక్కోవలసి వచ్చేది. పొట్టిగా, బక్కగా ఉండేవాడు. వేళ్ళ సందుల్లో ఎప్పుడూ ఎండిన జిగురే. భోజనానికి ముందు అరచేతులు రుద్దుకుంటే తెల్లటి పొట్టు రాలేది. పుస్తకం వీపుకి జిగురు రాసి, అట్ట తొడిగి, ఇనప బిగింపు కింద పెట్టాడంటే మర్నాటిదాకా దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఓసారి తొందరపడి యజమానే బిగింపు విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, తడి ఆరేదాకా కదపకూడదండీ అన్నాడు. యజమాని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆ పూట ప్రెస్సంతా బైండరు ఉద్యోగం ఊడుతుందనే అనుకున్నాం.

మా ముగ్గురిలో మూడోవాడు అచ్చు మిషన్ మీద పనిచేసేవాడు. వాడి పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా ఉండేది కాదు, అందరికీ మైకే. మిషన్ల మోతలో అరిచి అరిచి గొంతు అలా స్థిరపడిపోయింది. వాడు చెవిలో చెప్పిన రహస్యం గేటు బయట వినపడేది. చేరిన కొత్తలో తన పుట్టినరోజు నాడు బైండరు ఓ మూల ముభావంగా కూర్చోవడం చూసి, సంగతి కనుక్కుని, తన పుట్టినరోజులో సగం అతనికిచ్చేశాడు. పొద్దుటిపూట నేను పుడతాను, సాయంత్రం నువ్వు పుట్టు, రోజంతా నాకొక్కడికే ఎందుకు అన్నాడట. అప్పటినుంచి ఇరవై రెండేళ్ళపాటు ఆ రోజున మైకు భార్య రెండు చొక్కాలు కొనేది. సాయంత్రం భోజనం వాళ్ళింట్లోనే. నేను చొక్కా లేకుండా భోజనానికి మాత్రం హాజరయ్యేవాణ్ణి.

బైండరు పెళ్ళి చేసుకోలేదు. ఇల్లంటే అతనికి మైకు ఇల్లే. మైకు భార్య అతన్ని నోరారా "అన్నయ్యా" అని పిలిచి, "నువ్వు" అని చనువుగా మందలించేది. నేను భార్య పోయినవాణ్ణి, వయసులో పెద్దవాణ్ణి. నాకు "అన్నయ్యగారూ", "మీరు". ఆ తేడాకి నేను లోలోపల కాస్త ఉడుక్కునేవాణ్ణని ఇప్పుడు ఒప్పుకోవడంలో నష్టమేమీ లేదు.

శనివారాలూ సెలవురోజులూ క్రికెట్ ఉంటే ముగ్గురం ప్రెస్సు మేడమీద బైండరు గదిలో చేరేవాళ్ళం. ఇనప మంచం, ముక్కాలి స్టూలు, గోడవారన పేర్చిన తెల్లకాగితం కట్టలు, వాటి ఎదురుగా టీవీ. మైకు కట్టల మీద, బైండరు మంచం చివర, నేను స్టూలు మీద. టీవీ గొంతు నొక్కేసి మైకు వ్యాఖ్యానమే వినేవాళ్ళం. బంతి పడకముందే సిక్సరు అని అరిచేవాడు, అవుటైతే నేను ముందే చెప్పాను కదా అనేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. మేం వినేవాళ్ళం. ఆ గదిలో తిన్న వేయించిన పల్లీలంత రుచి నాకు తర్వాత ఎక్కడా తగల్లేదు.

మావాళ్ళు గెలుస్తున్నప్పుడు ఎవరూ చోటు మారకూడదనే నియమం ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. ఎప్పుడో మైకు నీళ్ళకి లేచినప్పుడు వికెట్టు పడింది, కూర్చున్నాక ఆట నిలబడింది. అంతే. చదువుకున్నవాణ్ణి, పత్రికలకు సైన్సు వ్యాసాలు దిద్దినవాణ్ణి, నేను కూడా ఆ నియమం పాటించాను. బైండరు దానికి కాపలాదారు. ఎవరు లేవబోయినా, తన బిగింపు దగ్గరలాగే చెయ్యి అడ్డం పెట్టి, కదలకు అనేవాడు. ఒకసారి నేను కాలు మొద్దుబారి రెండు గంటలు అలాగే కూర్చున్నాను. దిగేటప్పుడు మెట్ల మీద జారిపడితే ముగ్గురం కడుపుబ్బా నవ్వుకున్నాం.

ఆ ఏడాది వాళ్ళ పుట్టినరోజు నాడే పెద్ద మ్యాచ్ పడింది. మావాళ్ళది రెండో బ్యాటింగు. ఆట అయ్యాక ముగ్గురం మైకు ఇంటికి వెళ్ళాలి, అక్కడ వంట అవుతోంది. సగం దాకా ఆట నాశనంగా ఉంది. తర్వాత ఇద్దరు కుర్రాళ్ళు నిలబడ్డారు. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టాం.

ముప్పై ఎనిమిదో ఓవరు మొదట్లో మైకు చేతిలోంచి పల్లీల గిన్నె జారి నేలంతా చిందింది. కుడిచెయ్యి తిమ్మిరిగా ఉంది, లేచి కాస్త నడుస్తాను అన్నాడు. బైండరు తెర మీంచి చూపు తిప్పకుండానే, కదలకు అన్నాడు. నేను కూడా అన్నాను. నువ్వు లేస్తే వికెట్టు పోతుంది, పుట్టినరోజు పూట ఆ పాపం మూటగట్టుకోకు అన్నాను. మైకు నవ్వబోయి కూర్చున్నాడు. నాలుగైదు ఓవర్ల తర్వాత మళ్ళీ లేవబోయాడు. మళ్ళీ ఇద్దరం కూర్చోబెట్టాం. ఆ తర్వాత వాడి వ్యాఖ్యానం ముద్దముద్దగా వచ్చి ఆగిపోయింది. మైకు వైరు తెగిందిరా అని నేనే జోకు వేశాను. బైండరు పగలబడి నవ్వాడు. మైకు నవ్వాడో లేదో మేం చూడలేదు.

గెలిచాం. ఆఖరి ఓవర్లో గెలిచాం. బైండరూ నేనూ లేచి ఒకరినొకరు కావలించుకున్నాం. మైకు లేవలేదు. మూతి ఒక పక్కకి జారిపోయి ఉంది, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. కదల్లేని ఆ మనిషిని ఆ బక్క బైండరు వీపున వేసుకుని రెండంతస్తులు దించాడు. ఎలా దించాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేను ముందు పరుగెత్తి టాక్సీని ఆపాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇది ఎప్పుడు మొదలైందని అడిగింది. బైండరు ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ముప్పై ఎనిమిదో ఓవర్లోనండీ."

ఆవిడ మా ఇద్దరి వంకా చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. వెంటనే తెచ్చి ఉంటే చాలావరకు దక్కేదేమో, ఇప్పుడు ఎంతవరకు తేరుకుంటాడో చెప్పలేనని మాత్రం అంది. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి, కుడికాలు, మాట పోయాయి. ఆ గొంతు పోయింది.

మైకు భార్య వచ్చేసరికి డాక్టరమ్మ వెళ్ళిపోయింది. వీపున మోసుకొచ్చిన సంగతి టాక్సీ అతను చెప్పినట్టున్నాడు, ఆవిడ బైండరు చేతులు పట్టుకుని, నువ్వు లేకపోతే నా గతి ఏమయ్యేది అన్నయ్యా అని ఏడ్చింది. బైండరు చెప్పబోయాడు. ఆ క్షణం దాటిపోయింది, అలాంటి క్షణం దాటిపోతే మళ్ళీ పట్టుకోవడం కష్టం. ఆ తర్వాత చుట్టాలకీ, ఇరుగుపొరుగుకీ ఆవిడ అదే కథ చెప్పింది. సమయానికి ఆ అన్నయ్య ఉన్నాడు కాబట్టి మనిషి మిగిలాడని.

బైండరు టీవీని తీసుకెళ్ళి ప్రెస్సు వాచ్‌మన్‌కి ఇచ్చేశాడు. ఏడాదిపాటు పొద్దున పనికి ముందొకసారి, సాయంత్రం పని అయ్యాక ఒకసారి మైకు ఇంటికి వెళ్ళాడు. గడ్డం గీసేవాడు, స్నానం చేయించేవాడు, చచ్చుబడ్డ చేతివేళ్ళు ఒక్కొక్కటే చాపించేవాడు. దళసరి అట్టలతో ఒక పుస్తకం కట్టాడు. పేజీకొక మాట నా చేత పెద్ద అక్షరాలతో రాయించాడు. నీళ్ళు, ఆకలి, నొప్పి, నిద్ర, కిటికీ, చాలు. మైకు ఎడమచేత్తో పేజీలు తిప్పి కావలసినది చూపించేవాడు. బైండరు వచ్చే వేళకి వాడి చూపు గుమ్మం మీదే ఉండేది. నాకు అంత ఎదురుచూపు ఎప్పుడూ దక్కలేదు.

ఆవిడ పొగిడినప్పుడల్లా అతను ఒక్క పిసరు చిక్కిపోయేవాడు. చెప్పేస్తానని నాతో పదిసార్లు అన్నాడు. ఇప్పుడు చెప్పి ఒరిగేదేముంది, ఆవిడకి ఉన్న ఒక్క ధైర్యం కూడా పోగొట్టడం తప్ప, అని పదిసార్లూ నేను ఆపాను. ఆవిడ ధైర్యం కోసమే ఆపానని అప్పట్లో గట్టిగా నమ్మాను.

పుట్టినరోజు మళ్ళీ వచ్చింది. మైకు సాయంత్రానికి అలిసిపోతాడని ఆవిడ మధ్యాహ్నమే భోజనానికి పిలిచింది. వాళ్ళక్క కూడా వచ్చింది. బల్ల చుట్టూ అయిదుగురం. మైకుని చక్రాల కుర్చీలో బల్లకి దగ్గరగా తోసి పెట్టారు. ఎప్పటిలాగే రెండు కొత్త చొక్కాలు. ఒకటి మైకుకి తొడిగింది, రెండోది బైండరు చేతిలో పెట్టింది. వాళ్ళక్కతో, నీకు చెప్పానే, మా ఇంటి దేవుడు, ఈ అన్నయ్యే అంది. చొక్కా మడత విప్పకుండానే బైండరు దాన్ని బల్ల మీద పెట్టేశాడు.

"చెల్లెమ్మా, నేను సమయానికి తీసుకెళ్ళలేదు. వాడు లేస్తానంటే నేనే లేవనివ్వలేదు."

ఆవిడకి అర్థం కాలేదు. అతను మొత్తం చెప్పాడు. గిన్నె జారడం, తిమ్మిరి, చోటు మారకూడదనే నియమం, అన్నీ. పుస్తకం కుట్టినంత వరుసగా చెప్పాడు. మైకు ఎడమచెయ్యి బల్ల మీద తడుముకుని అట్టల పుస్తకం లాక్కుంది. పేజీలు గబగబా తిరిగాయి. నీళ్ళు, నొప్పి, కిటికీ. వాడికి కావలసిన మాట నేను రాయలేదు. "చాలు" దగ్గర ఆగి దాన్ని అరచేత్తో కొట్టాడు. మళ్ళీ మళ్ళీ కొట్టాడు. ఆవిడ అటు చూడలేదు.

"ఎంతసేపు?"

"పన్నెండు ఓవర్లు."

"నాకు ఓవర్లు తెలీవు. ఎంతసేపు కూర్చోబెట్టావు?"

"ముప్పావు గంట."

"లేస్తానని ఎన్నిసార్లన్నారు?"

"రెండుసార్లు. నేనే వద్దన్నాను."

"మేం" అనలేదు, "నేనే" అన్నాడు. ఆవిడ తల తిప్పి నా వంక చూసింది. అడగలేదు, చూసింది. ఒక్క మాట అంటే సరిపోయేది. నేను బల్ల మీది కూరగిన్నెలోకి చూశాను. కూరలో ముక్కలు లెక్కపెట్టాను, ఏడున్నాయి.

తర్వాత ఆవిడ అందరికీ వడ్డించింది. చల్లారిపోతుంది, తినండి అంది. బైండరు కంచంలోనూ వడ్డించింది. అందరం తలలు వంచుకుని తిన్నాం, గరిటె చప్పుడే. అలాంటి భోజనం నేను చావింట్లో కూడా చెయ్యలేదు. లేచాక ఆవిడ గుమ్మందాకా వచ్చింది.

"అన్నయ్యగారూ, మీరు శనివారం శనివారం వస్తూ ఉండండి, ఆయనకి కాలక్షేపం" అని నాతో అంది. తర్వాత బైండరు వైపు తిరిగింది. ఇరవై మూడేళ్ళుగా "నువ్వు" అని పిలిచిన మనిషిని "మీరు ఇంక రాకండి" అంది. గట్టిగా కూడా అనలేదు. లోపల్నుంచి మైకు గొంతులో ఏదో చప్పుడు వస్తోంది. ఆవిడ తలుపు వేసింది.

మెట్లు దిగుతూ, నేను కూడా అన్నానని వెనక్కి వెళ్ళి చెబుతానన్నాను. కాళ్ళు ముందుకే పడుతున్నాయి, నోరు మాత్రం ఆ మాట అంది. బైండరు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"వద్దులే అన్నా. వాడి దగ్గరికి ఒకడన్నా వెళ్ళాలి కదా."

నాకు ప్రాణం లేచొచ్చింది. సిగ్గుచేటు, కానీ లేచొచ్చింది.

ఇది జరిగి మూడేళ్ళు. ప్రతి శనివారం బైండరు ఆ వీధి మలుపుదాకా నాతో వచ్చి బడ్డీకొట్టు దగ్గర ఆగిపోతాడు. నేను దిగి వచ్చాక ఒకటే ప్రశ్నలు. తిన్నాడా, గడ్డం ఎవరు గీస్తున్నారు, వేలు ఏమైనా కదిలిందా. చెల్లెమ్మ నా మాట ఎత్తిందా అని మొదట్లో అడిగేవాడు, ఇప్పుడు అడగడు. పుట్టినరోజు నాడు కూడా అక్కడే నిలబడతాడు. ఆ రోజున ఆవిడ ఒక్క చొక్కాయే కొంటోంది. ఆ మధ్యాహ్నం నువ్వెందుకు నోరు మూసుకున్నావని అతను నన్ను ఈ మూడేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

తలుపు తెరుచుకోగానే మైకు నన్ను దాటి నా వెనక చూస్తాడు. ఎవరూ లేరని తెలిశాక నన్ను చూస్తాడు. వాడికి అంతా తెలుసు. రెండోసారి భుజం పట్టి కూర్చోబెట్టింది నా చెయ్యేనని కూడా తెలుసు. చెప్పడానికి వాడికి గొంతు లేదు, నాకుంది. చెప్పేస్తే వాడి దగ్గరికి వెళ్ళేవాడు ఎవరూ మిగలరని ప్రతివారం మెట్ల మీద నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. అది అబద్ధం. ఆ ఇంటి భోజనం నేను వదులుకోలేను, అంతే. ఆవిడ బల్ల తుడిచి, కంచం పెట్టి, "మీరైనా వస్తున్నారు అన్నయ్యగారూ" అని ఇంకాస్త కూర వేస్తుంది. నేను తింటాను.