రెండు దరఖాస్తులు

మా ఊరికి ఇద్దరు సర్పంచులు. జివతి గుట్టల మీద ఉన్న మమ్మల్ని మహారాష్ట్ర మాదంటుంది, తెలంగాణ మాదంటుంది. అందుకని ఇంటింటికీ రెండు రేషన్ కార్డులు, రెండు ఓట్లు, వీధికి ఇటొక బడి, అటొక బడి. ఎవరేం ఇచ్చినా కాదనకుండా పుచ్చుకోవడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. రాజూరా బజార్లో ఇద్దరు పెళ్లాల మొగుడని వెక్కిరిస్తే నేనూ నవ్వేవాణ్ణి.

మరాఠీ బడిలో చదివి తెలుగు రాయడం కూడా నేర్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఊరి దరఖాస్తులన్నీ నా చేతి మీదే నడిచేవి.

కొన్నేళ్ల కిందట మా తమ్ముడి కూతురికి మూడేళ్లు నిండాయి. నడుస్తుంటే మోకాళ్లు రెండూ ఒకదానికొకటి రాసుకునేవి. చంద్రపూర్‌లో దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరు పిల్ల కాళ్లు చూడకముందే నా పళ్లు చూశాడు. ఆ గోధుమరంగు చారలు మా ఊళ్లో అందరి పళ్లకూ ఉంటాయి, మేం పట్టించుకోం. బోరింగు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని, లేత ఎముకలు కాబట్టి ఇప్పుడే నీళ్లు మారిస్తే కొంతైనా సర్దుకుంటాయని, ముదిరాక కష్టమని చెప్పాడు. కొన్నాళ్లు జివతి బజారు నుంచి నీళ్ల క్యాన్లు తెచ్చాం. వానలకు బాట తెగి అదీ ఆగింది.

ఆ చలికాలమే చంద్రపూర్ నుంచి ఒక సేవా సంస్థ వాళ్లు వచ్చారు. అంతకుముందు ఎక్కడో కాఫీ తోటల కొండల్లో నీళ్ల ఫిల్టర్ మిషన్లు పెట్టి వచ్చారట, ఫోనులో ఫొటోలు చూపించారు. కాఫీ చెట్ల మధ్య పిల్లలు గ్లాసులెత్తి నవ్వుతున్నారు. నేను చెట్లు చూడలేదు, పిల్లల పళ్లు చూశాను. తెల్లగా ఉన్నాయి. మాకూ అలాంటి మిషనే పెడతామన్నారు. కాకపోతే మాకు ఇంకెవరూ ఇలాంటిది ఇవ్వడం లేదని సర్పంచు సంతకంతో రాసిమ్మని అడిగారు. మరాఠీలో రాసిచ్చాను.

పదిహేను రోజులకు ఆదిలాబాద్ వైపు నుంచి ఇంకో సంస్థ వచ్చింది. అదే మిషను, అదే మాట. రెండో సర్పంచు సంతకంతో తెలుగులో రాసిచ్చాను. ఒకరు ఎగ్గొడితే ఇంకొకరుంటారని నా ఆలోచన. ఊరంతా నా తెలివిని మెచ్చుకుంది.

బోరింగుకు ఇటొకటి, అటొకటి సిమెంటు గద్దెలు లేచాయి. మొదటివాళ్లు మిషను కొలతలకని వచ్చి రెండో గద్దె చూశారు. అబద్ధం ఎందుకు రాశారని మెల్లగానే అడిగారు. ఇక్కడ అన్నీ రెండే కదా అని నేను నవ్వాను. వాళ్లు నవ్వలేదు. మీకు ఇచ్చేవాళ్లున్నారు, లేని ఊరికి ఇస్తామని వెళ్లిపోయారు. వారం తిరక్కుండా ఆదిలాబాద్ వాళ్లూ మొదటి గద్దె చూసి అదే అన్నారు. ఇద్దరికీ ఫోన్లు చేసి కాళ్లావేళ్లా పడ్డాను. చివరికి రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. ఇప్పుడు ఆ గద్దెల మీద మిరపకాయలు ఎండబోస్తున్నారు.

పిల్లకు ఆరేళ్లొచ్చాయి. తండ్రి భుజాల మీద బడికి వెళ్తుంది. మొన్న దవాఖానలో, ఇక ఆపరేషనే దిక్కని, అదీ పెద్దయ్యాకనని, ఇవే నీళ్లు తాగుతుంటే మళ్లీ వంగుతాయని అన్నారు.

ఈ మధ్య మరో సంస్థ ఉందని కబురొచ్చింది. తమ్ముడు కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టాడు. నా రాతతో ఒకసారి ఊరు మునిగింది చాలు, ఇంకెవరినైనా చూసుకోమన్నాను. మా మరదలు నాతో ఎదురుగా మాట్లాడదు. చెప్పాల్సిందేదైనా తలుపు చాటునుంచి తమ్ముడితో చెప్పించడం మా ఇంటి పద్ధతి. ఆ రోజు మాత్రం కొంగు సర్దుకుని వాకిట్లోకి వచ్చి నా ముందర నిలబడింది.

"రాయుండ్రి బావా," అంది. "గీ పిల్లకైతే కాలం దాటిపాయె. నా కడుపుల ఇంకొకటున్నది."

అప్పటివరకు నాకు తెలియదు. రాశాను. ఆ ఒక్క సంస్థకే, మేం చేసిన తప్పుతో సహా ఉన్నదున్నట్టు రాశాను. వస్తామని గానీ రామని గానీ జవాబు లేదు. మరదలికి ఇప్పుడు ఏడో నెల. పొద్దున్నే బోరింగు కొట్టి, బిందె ఎత్తుకోకముందే అక్కడే దోసిలి పట్టి తాగుతుంది.