గయానా సంగతి అడగడానికి దేరా దాకా

ఈ ఏడు, 1984లో, మా క్వారీలో పని ఖలాస్ అయింది. మా వీసాల యజమాని కఫీల్ మొదటిసారి మా పాస్‌పోర్టులు మా చేతుల్లో పెట్టాడు. ఆ సంబరం రెండు రోజులు కూడా నిలవలేదు. ఊరికి పోతే అప్పులవాళ్లు, ఇక్కడే ఉంటే వీసా లేదని పోలీసులు. సరిగ్గా ఆ సందులోనే ఒక ఏజెంటు మా క్యాంపులో దిగాడు. దక్షిణ అమెరికాలో గయానా అనే దేశముందట. మజరూని అనే నది పక్కన బంగారు గనిలో పనట. అక్కడి జనంలో సగం మనవాళ్లేనట. శుక్రవారం పొద్దుగూకి మగ్రిబ్ నమాజు కాగానే పాస్‌పోర్టులు ఇచ్చిన వాళ్లకే చోటట. మా ఊరివాడు, నన్ను రాస్ అల్ ఖైమాకు తెచ్చి పనిలో పెట్టినవాడు రాజన్న, ఇస్తానన్నాడు. దేశం ఎక్కడుందో తెలియకుండా ఎట్లా ఇస్తావని అరిచాను.

"దుబాయ్ ఏడున్నదో తెలిసే వచ్చినవారా నువ్వు?" అన్నాడు.

క్యాంపు పక్క కిరాణా కొట్టు మలయాళీ ఒక దారి చూపించాడు. దుబాయ్‌లోని దేరాలో వాళ్ల అన్నకు హోటలుంది. మరమ్మతుకు వచ్చి ఆగిన ఓడలో వంటచేసే గయానావాడొకడు శుక్రవారాలు అక్కడికే తిండికి వస్తాడట. అందుకే శుక్రవారం తెల్లవారగానే టాక్సీ స్టాండుకు పోయాను. దుబాయ్‌కి సీటు పదిహేను దిర్హమ్‌లు. పొద్దున పోయేవాళ్లు కుడివైపు కూర్చోండి, ఎండ ఎడమవైపు కొడుతుంది. ఉమ్ అల్ కువైన్, షార్జాల మీదుగా గంటన్నర. దారంతా నా కాలు ఊగుతూనే ఉంది. డ్రైవరు పఠాన్ చూసి, "క్యా హువా? బీవీ భాగ్ గయీ?" అన్నాడు, పెళ్లాం గాని పారిపోయిందా అని.

"ఏక్ ముల్క్ కే బారే మేఁ పూఛ్‌నే జాతా హూఁ," అన్నాను, ఒక దేశం సంగతి అడగడానికని.

"లోగ్ ముల్క్ దేఖ్‌నే జాతే హైఁ భాయ్, తూ పూఛ్‌నే జాతా హై!" అని స్టీరింగు మీద కొట్టి మరీ నవ్వాడు, జనం దేశాలు చూడపోతే నేను అడగపోతున్నానట.

టాక్సీలు ఆగేచోటికి వెనక సందులోనే ఆ హోటలు. మధ్యాహ్నం జుమా నమాజు అయ్యాక జనం నిండారు. వంటవాడు వచ్చాడు. రంగు మనదే, ముఖం మనదే. పేరు వీరస్వామి. తెలుగు రాదు, హిందీ రాదు, ఇంగ్లీషు ఒక్కటే. నేను పాత పేపర్లు చదివి నేర్చుకున్న ఇంగ్లీషుకు అందినంత రాస్తున్నాను. ముత్తాతల కాలంలో తెల్లదొరలు చెరుకు తోటల కోసం మనవాళ్లను ఓడల్లో తీసుకుపోయారట. అంతకుముందు ఆఫ్రికావాళ్లను బానిసలుగా దించారట. ఇప్పుడున్నవాళ్లలో ఆ రెండు జాతుల సంతతే ఎక్కువ. అడవిలో ఆదివాసులు కొద్దిమంది. పక్కన వెనిజులా, సూరినామ్, కింద బ్రెజిల్. సగం మనవాళ్లే అన్నది నిజమేనని తేలింది. నాకు కొంచెం ఊపిరి ఆడింది.

అతను పరోటా మీద పరోటా తెప్పించుకుంటున్నాడు. అంత ఆకలేమిటని అడిగాను.

"మా ప్రభుత్వం గోధుమపిండి దిగుమతి ఆపేసింది. బియ్యప్పిండితో రొట్టె చేసుకోమంటుంది. అసలు పిండి కావాలంటే సూరినామ్ నుంచి దొంగచాటుగా నది దాటించాలి," అన్నాడు.

"ఎన్నికల్లో దించెయ్యరా అట్లాంటి ప్రభుత్వాన్ని?"

"ఎన్నికలుంటాయి తమ్ముడూ. గెలిచేదెవరో ముందే తెలిసిపోతుంది, అంతే."

మజరూని అనగానే నమలడం ఆపాడు. బల్ల మీద చారు ఒలికితే దాంతోనే వేలితో గీత గీశాడు. ఇది సముద్రం, అన్నాడు. ఇది సముద్రాన్ని ఆపే గోడ. పోటు వచ్చిందంటే మా నేల సముద్రం కన్నా పల్లం. జనం దాదాపుగా ఈ సన్నని పట్టీలోనే ఉంటారు, మనవాళ్లూ ఇక్కడే. తర్వాత అరచేయి మొత్తం బల్ల మీద పరిచాడు. ఇదంతా అడవి. మజరూని ఇక్కడ. రోడ్డు లేదు. జలపాతాలు దాటే పడవ, లేకుంటే చిన్న విమానం.

"మరి వెనక్కి రావాలంటే?"

"గని దొర పడవ పంపినప్పుడు వస్తావు."

ఒళ్లు మండిపోయింది. ఏజెంటు ఒక్క అబద్ధమూ ఆడలేదు. దేశం గురించి నిజం చెప్పాడు, చోటు గురించి నోరు మూసుకున్నాడు.

తిరుగు టాక్సీలో నేనొక్కడినే. బండి నిండనిదే కదలదు. మసీదు నుంచి సాయంత్రపు అసర్ బాంగు వినిపించింది. మగ్రిబ్ లోపల చేరాలి. ఇద్దరు వచ్చారు, ఇద్దరు రావాలి. "యల్లా భాయ్, చలో!" అంటే డ్రైవరు పళ్లు కుట్టుకుంటూ కూర్చున్నాడు. చివరికి ఆ రెండు ఖాళీ సీట్లకూ డబ్బులు నేనే ఇచ్చాను.

క్యాంపుకు చేరేసరికి వరుస కట్టారు. రాజన్న చేయి అప్పటికే చాచి ఉంది. నేను ఏజెంటును తిట్టలేదు, తిడితే వినేవాడెవడూ లేడు. "అన్నా, ఒక్కటే అడుగు. మన పైసలతోని మనం వాపస్ రావాల్నంటే తొవ్వేది?" అన్నాను.

రాజన్న అడిగాడు. "కంపెనీ లాయేగీ," అన్నాడు ఏజెంటు.

"కంపెనీ తేకపోతే?"

"తుమ్ లోగ్ బహుత్ బాత్ కర్తే హో," అని, మాకు మాటలెక్కువన్నట్టు చూసి, పక్కవాడి పాస్‌పోర్టు అందుకున్నాడు. రాజన్న తన చేయి వెనక్కి తీసుకున్నాడు. వెనకాల నలుగురు ఇచ్చేశారు.

గదికి వచ్చాక రాజన్న నా మీద విరుచుకుపడ్డాడు. "ఇంటికి పోతే షావుకారు అంగి గల్లా పడ్తడు. నువ్వు కడ్తవా?" అన్నాడు. అన్నను కాపాడానో, కూటికి అడ్డం పడ్డానో తెలియక ఇది రాస్తున్నాను. ఆ నలుగురి క్షేమం ఎవరికైనా తెలిస్తే చెప్పండి. మీరూ ఏ దేశం గురించైనా అడగడానికి దేరా పోతే, టాక్సీ ఎక్కేముందు తిరుగు బండి ఎన్నింటికి నిండుతుందో అడగండి. శుక్రవారం అసర్ తర్వాత రాస్ అల్ ఖైమా వైపు మనుషులు దొరకరు.