కండక్టరక్క పాటకు సాక్షులు

బస్సుల టిక్కెట్ల మిషిన్ చూస్తే నాకు ఇప్పటికీ కండక్టరక్కనే యాదికొస్తది. ఆమె చేతులు ఊకె ఉండకపోయేటివి. టిక్కెట్ కొట్టుకుంటనే ఆ మిషిన్ మీద ఆదితాళం వేసేది.

నల్లగొండల మేమిద్దరం ఒకే సారు దగ్గర సంగీతం నేర్చుకున్నం. సారు మా సాధన కోసం ఆన్‌లైన్ల ఒక షీట్ పెట్టిండు. అది అందరి ఫోన్లల్ల కనపడేది. ఏం పాడినమో మనం రాయాలె, పక్క గడిల "విన్న" అని ఇంట్లోళ్లు ఒకరు రాయాలె. అప్పుడే సారు పచ్చ రంగు వేస్తడు. పచ్చ లేకుంటే కొత్త పాఠం లేదు.

"నేను డ్యూటీకి పోయేటప్పుడు ఇంట్ల పండుకునే ఉంటరు సార్, వచ్చేటప్పుడు గూడ పండుకునే ఉంటరు. ఎవరు వింటరు?" అన్నది అక్క.

"అది నాకు తెల్వదు," అన్నడు సారు.

తెల్లారి ఆమె ఆ షీట్ లింకును తన బస్సుల రోజు చిట్యాలకు పోయే ప్యాసింజర్ల వాట్సాప్ గ్రూపుల పెట్టి, బస్సులనే పాడుడు షురూ చేసింది. ఇగ చూడాలె. "విన్న. పై స్వరానికి పోయినంక గొంతు అందలే, మిగిలింది డ్రైవర్ హారన్‌తోని పాడిండు." "విన్న. వినుకుంట కూసుంటే నా స్టేజీ దాటిపోయింది." క్లాసుల మేమందరం సాధన పక్కకు పెట్టి అవే చదువుకుంట కిందమీద పడి నవ్వెటోళ్లం. సారు మాత్రం నవ్వకుంట పచ్చ రంగు వేసుకుంట పోయిండు.

ఒకరోజు గొంతు పట్టేసి అక్క పాడలే, షీట్ల ఏం రాయలే. అయినా పక్క గడి నిండింది:

"ఇయ్యాల పాట లేదు, ఉత్త తాళమే. బస్సు పోతాంది గని, పోతున్నట్టు లేదు."

ఆ గడికి గూడ సారు పచ్చ రంగు వేసిండు.