శాంతక్క ఇస్త్రీ బల్ల

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. దర్జీవాణ్ని. ఎవరి కొలత తీసినా రెండంగుళాలు వదులు పెట్టడం చేతికి అలవాటైంది, అది నోటికి కూడా పాకింది. కాబట్టి చదివేటప్పుడు ఎక్కడ వదులనిపిస్తే అక్కడ మీరే ఒక కుట్టు వేసుకోండి. ఇందులో నేను అచ్చంగా అల్లిన ముక్క ఒకటుంది. అదేదో చివర్లో నేనే చెబుతాను.

నిన్న పొద్దున దుకాణంలో ఒక జాకెట్టు భుజం మీద ఇస్త్రీ పెట్టె ఆన్చగానే మాడిన గంజి వాసన వచ్చింది. గోదావరిఖనిలో ఉన్న అన్నం గిన్నెలన్నీ ఒక్కసారే అడుగంటినంత వాసన. వంగి చూస్తే బల్ల ముక్కు దగ్గర గుడ్డ చిరిగి, దాని కింది గుడ్డ, దాని కిందిది, ఓపెన్‌కాస్టు గని గోడలా పొరలు పొరలుగా బయటపడ్డాయి. పన్నెండేళ్లలో ఆ బల్ల మీద నేను కప్పిన గుడ్డలు నలభై. సరే, ఆరు. పాతది తీయకుండా దాని మీదే కొత్తది కప్పుకుంటూ వచ్చాను. బల్ల పరుపులా మెత్తబడి, కుట్టు అణగడం మానేసింది. "భుజం లేస్తున్నది కాకా" అని వచ్చే నలుగురూ అంటున్నారు. వాళ్లూ రాకపోతే రోజంతా నాతో మాట్లాడేది మిషను ఒక్కటే. బల్లను చెక్కదాకా ఊడదీయక తప్పదు. చెయ్యి రాలేదు. అట్టడుగున ఉన్నది శాంతక్క తన చేత్తో తొడిగిన గుడ్డ. అది తీసేస్తే ఆమె చేతిపని అంటూ నా దగ్గర ఇంకేమీ మిగలదు.

శాంతక్క మా క్వార్టర్ల వరసలో చివరి ఇంట్లో ఉండేది. వాళ్లాయనను నేను బావా అనేవాణ్ని. బాయిలో పని. ఇక్కడ గనిని బాయి అనే అంటాం. ఆ బల్ల ఆయన చేసిందే. పాత తలుపు చెక్కను ఒక కొస పడవ ముక్కులా కోసి, నాలుగు కాళ్లు తగిలించాడు. ఆ కాళ్లలో ఏ రెండూ ఒక పొడుగు కావు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయినప్పుడల్లా దాని మీది ఇస్త్రీ పెట్టె మూరెడు ఎగిరి మళ్లీ అదే మడత మీద దిగేది. ఇరవై నాలుగేళ్లు వచ్చినా ఏ నౌకరీ దొరక్క నేను ఆమె దగ్గర కుట్టుపనికి చేరాను. "మొగోనివి, కుట్టుపనికి వచ్చినవని సిగ్గు పడకు. సిగ్గుపడితే సూది వేలికి గుచ్చుకుంటది" అంది మొదటి రోజు. సిగ్గుపడ్డాను. గుచ్చుకుంది.

చేరిన రెండో వారంలోనే నా ఘనకార్యం. శాంతక్క ఏదో పనిమీద చర్చికి వెళ్లింది. వెళ్తూ, మర్నాడు పెళ్లి చేసుకోబోయే అమ్మాయి తెల్లపట్టు జాకెట్టు ఇస్త్రీ చేసి ఉంచమంది. అప్పట్లో బొగ్గుల ఇస్త్రీ పెట్టె. చూస్తే కట్టెబొగ్గు అయిపోయింది. వెనక పొయ్యి పక్కన బాయి బొగ్గు కుప్ప ఉంది. బొగ్గు ఊళ్లో పుట్టి, బొగ్గు దుమ్ము పీల్చి పెరిగినవాణ్ని, నాకు బొగ్గంటే ఒక్కటే. నింపి, అంటించాను. పొగ ఎలా వచ్చిందంటే, పవర్ ప్లాంటు వాళ్లు తమ చిమ్నీల్లో ఒకటి తప్పిపోయిందేమోనని లెక్క చూసుకున్నారు. నేను భయపడి పెట్టెను బల్ల మీద బోర్లా వదిలేసి నీళ్లకు పరుగెత్తాను. వచ్చేసరికి జాకెట్టు నల్లబడింది, గుడ్డ కాలింది, దాని కింది గొంగడి కాలింది, చెక్క కూడా కమిలింది.

"ఏందిరా గీ పొగ? ఇంట్ల ఏమన్న బాయి తవ్వుతున్నవా?" అంటూ వచ్చింది శాంతక్క.

"బొగ్గు ఒడిసిపోయింది అక్కా. పొయ్యికాడిది ఏసిన."

అప్పుడే డ్యూటీ దిగివచ్చిన బావ గుమ్మంలో నిలబడి నవ్వాడు. "వాని తప్పేముందే? మా బొగ్గు గంత పెద్ద ప్లాంటునే నడిపిస్తది, నీ జాకెట్టును నడిపియ్యదా అనుకున్నడు."

"మంచిగుంది. రేపు పెండ్లిపిల్లకు నీ హెల్మెట్ పెట్టి పంపుత" అంది ఆమె.

ఇంతలో పెళ్లికూతురి తల్లి రానే వచ్చింది. నేను మిషను వెనక్కి నక్కాను. శాంతక్క ఆ జాకెట్టును చేతిలోకి తీసుకుని, "నేనే కాల్చిన వదినె, పరాకుల ఉన్న. గసొంటి గుడ్డే తెప్పిచ్చి పొద్దుగూకేలోపట కొత్తది కుట్టి ఇస్త" అంది. కుట్టింది కూడా. ఆ తల్లి వెళ్లాక శాంతక్కను అడిగాను, అబద్ధమెందుకు ఆడినవ్ అక్కా అని.

"నీకు పని నేర్పుడు నా జిమ్మ. నువ్వు కాలిస్తే నేను కాల్చినట్టే. గిండ్ల అబద్ధం ఏడుంది? ముందుగాల బల్ల ఊడదియ్యి."

"పైనుంచి ఇంకో గుడ్డ కప్పుదాం అక్కా."

"మచ్చ మీద గుడ్డ కప్పితే మచ్చకు వెచ్చగుంటది. పోదు."

ఆ రోజు నేర్చుకున్న పని ఇప్పటికీ వేళ్లలో ఉంది. కమిలిన చెక్కను గాజుపెంకుతో గీకి, తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. గొంగడిని ఉతకకూడదు, ముడుచుకుపోతుంది. దులిపి, ఎండలో వేసి పరచాలి. దాని మీద గంజి పెట్టని తెల్లగుడ్డ. మొలలు కొట్టకూడదు. అంచులో నాడా దూర్చి, బల్ల కింద బిగించి కట్టాలి. "జారుముడి ఎయ్యి తమ్మీ. ఒక్క లాగుడుకు ఊడాలె. ఊడుడు కష్టమైతే ఉతుకుడు మానేస్తవ్." ప్రతి శనివారం ఆ గుడ్డ విప్పి, కుంకుడు రసంలో ఉతికి, ఇంట్లోనే ఫ్యాను కింద ఆరేసేది. బయట ఆరేస్తే బొగ్గు దుమ్ముకు తెల్లగుడ్డ గంటలో కాకి అవుతుందని.

కొన్నేళ్లకు నేను రెండు సందుల అవతల, రోడ్డు మీద సొంత దుకాణం పెట్టాను. ఆమె గిరాకీలు ఒక్కొక్కరే నా దగ్గరికి వచ్చారు. నేను రమ్మనలేదు. వద్దనీ అనలేదు. ఆమె ఇంటిముందు నుంచి పోవడం మానేసి చుట్టుతిరిగి పోయేవాణ్ని. బావ రిటైరయ్యాడు, క్వార్టర్ ఖాళీ చేయాలి. నస్పూర్‌లో చెల్లెలి ఇంటి పక్కకు వెళ్లిపోతున్నారని తెలిసింది. వెళ్లే రోజు ట్రాలీ ఆటో పక్కన నిలబడి ఆమె నాతో అంది: "బల్ల నువ్వే ఉంచుకో తమ్మీ. ఆడ జాగ లేదు."

"అక్కా, నీ గిరాకీలు..."

"నా దగ్గర నేర్చినోని దగ్గరికే పోయిండ్రు గద. ఇంకోని దగ్గరికి పోతే బాధయ్యేది."

నస్పూర్ ఎంత దూరమని? గోదావరి దాటాలి, అంతే. నా నోటితో సాగదీసినా గంటన్నరకు మించదు. ఒక్కసారీ వెళ్లలేదు. ఆమె పోయిన సంగతి కూడా ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చినతను మాటల్లో చెబితే తెలిసింది, అప్పటికి నెల దాటింది.

నిన్న షట్టరు సగం దించి నా ఆరు గుడ్డలూ తీశాను. అన్నీ పీటముళ్లు, కత్తెరతో కోయాల్సి వచ్చింది. అడుగున ఆమె గుడ్డ. బల్ల కిందికి చెయ్యి పోనిచ్చి నాడా కొస పట్టుకుని లాగాను. పన్నెండేళ్ల ముడి ఒక్క లాగుడుకు ఊడింది. గొంగడి ఎత్తితే చెక్క మీద ఆనాడు నేను పెట్టిన ఇస్త్రీ మచ్చ, ఎంత గీకినా పోనిది, ఉన్నచోటే ఉంది.

ఇక నేను అల్లిన ముక్క. ప్లాంటు చిమ్నీ, ఎగిరే ఇస్త్రీ పెట్టె మీరు ఎప్పుడో పట్టేసి ఉంటారు, అవి కావు. ట్రాలీ ఆటో పక్కన శాంతక్క అన్న మాటలు. ఆ రోజు నేను అక్కడ లేను. ముఖం చెల్లక పొద్దున్నే షట్టరు దించి మంచిర్యాల బస్సెక్కాను. తిరిగి వచ్చేసరికి బల్ల నా షట్టరుకు ఆనించి ఉంది, ఉతికి తొడిగిన గుడ్డ ఇంకా తడిగానే ఉంది. "మీ అక్క గంటసేపు నిలబడి పోయింది" అన్నాడు పక్క పాన్‌డబ్బా అతను. ఆ గంట మాత్రం నేను సాగదీసింది కాదు.

ఆమె గుడ్డ కుంకుడు రసంలో ఉతికాను. ఇప్పుడు ఫ్యాను కింద ఆరుతోంది. ఆరాక మళ్లీ అదే తొడుగుతాను, జారుముడితో. ఈ రోజు శనివారం.